అద్దాల తెర

“అన్నయ్యా, నిజం చెప్పండి. కొట్లో ఇది పని చేయడం మీ కళ్ళతో చూశాకే తెచ్చారా?”

దేవిక అలా అడిగేసరికి బుజ్జిబాబు చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

ఫహాహీల్‌లోని ఆ ఫ్లాట్‌లో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడు కంచాలు. బుజ్జిబాబు, దేవిక భర్త వీరేంద్ర ఒకే కంపెనీలో లెక్కలు చూస్తారు. బుజ్జిబాబు భార్యాపిల్లలు అమలాపురంలోనే ఉండిపోయారు. చుట్టరికం ఏమీ లేకపోయినా, కువైట్‌లో దేవికకి పుట్టింటి మనిషి అంటే అతనే. వారమంతా మొగుడితో కూడా అనకుండా దాచుకున్న కబుర్లన్నీ ఆ పూట అతని ముందే బయటికొచ్చేవి.

చేపల పులుసు గిన్నె పక్కనే కొత్త లాప్‌టాప్ తెరిచి ఉంది. బుజ్జిబాబు మిర్కాబ్ బజారుకి వెళ్తున్నానన్నప్పుడు ఆమె ఒక్కటే షరతు పెట్టింది. కొత్త విండోస్‌లో తెరిచిన పేజీల అంచులు అద్దంలా మారి వెనకున్నది కనిపిస్తుందిట, అది పని చేస్తేనే కొనండి, లేకపోతే వద్దని. ఇప్పుడు చూస్తే తెరమీద అన్నీ సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి.

“చూశానమ్మా. కొట్టువాడు ఒకదానిమీద ఒకటి తెరిచి చూపించాడు. నీళ్ళలోంచి చూసినట్టే ఉంది.”

వీరేంద్ర పులుసు వేసుకుంటూ, నిన్న సాయంత్రమంతా తను దానితోనే కూర్చున్నానన్నాడు. అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదుట. బోర్డులోనే కలిపేసిన చిప్పు ఈ హంగులన్నీ లాగలేదుట. కొట్లో చూపించేది ఒకటి, పెట్టెలో పెట్టి ఇచ్చేది ఇంకొకటి, ఇక్కడ అందరికీ తెలిసిందేనన్నాడు. వాడికేం తెలుసు పాపం, వదిలెయ్యమని కూడా అన్నాడు.

ఆ ‘పాపం’ దేవికని మరీ మండించింది. వంకాయలు కూడా ఒక్కొక్కటీ తిప్పి చూసిగానీ కొనని తను, బుజ్జిబాబు మాటమీద మాత్రం ఏదీ చూడకుండా సరేనంది.

బుజ్జిబాబు ఎడంచేత్తో లాప్‌టాప్‌ని దగ్గరకి లాక్కోబోయాడు. వీరేంద్ర మూత వేసేశాడు.

“ముందు తినరా. పులుసు ఒలుకుతుంది.”

“చిప్పు సంగతి కొట్టువాణ్ణి అడిగారా?” దేవిక వదల్లేదు.

“అడిగాను చెల్లెమ్మా. బాగా లాగుతుందన్నాడు.”

“లాగడంలేదు కదా. దీన్ని మాకు అంటగట్టినందుకు మీకేమైనా ముట్టిందా?”

అనేశాక అదెంత పెద్ద మాటో ఆమెకే తెలిసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మొగుడు మందలిస్తాడేమోనని చూసింది. అతను చేపముల్లు ఏరుకుంటున్నాడు.

బుజ్జిబాబు సగం అన్నం కంచంలోనే వదిలి లేచాడు. అన్నం ముందునుంచి అలా లేచిన మనిషి మళ్ళీ ఆ గడప తొక్కడని దేవికకి తెలుసు. అతను చెయ్యి కడుక్కుని, లాప్‌టాప్‌ని వాపసు ఇచ్చే బాధ్యత తనదేనన్నాడు. చెప్పులేసుకుంటూ “ఉంటానండీ” అన్నాడు. చెల్లెమ్మా అనలేదు.

తలుపు మూసుకున్నాక ఆమె ఎంగిలి కంచం తీయబోయింది. కళ్ళలో నీళ్ళకి కంచం అలికేసినట్టయింది.

“అన్నయ్యా అని నమ్మినవాడే ఇలా చేస్తే, ఈ దేశంలో ఇంకెవర్ని నమ్మాలండీ?”

వీరేంద్ర చెయ్యి తుడుచుకుని లాప్‌టాప్ మూత తెరిచాడు. రంగుల సెట్టింగులోకి వెళ్ళి ఏదో మార్చాడు. తెర ఒక్కసారి నల్లబడి తేరుకుంది. అంచులన్నీ అద్దాలయ్యాయి. వెనకున్న కొండలూ ఆకాశమూ వాటిలోంచి తేటగా కనిపించాయి.

దేవిక కంచంతో అలాగే నిలబడిపోయింది.

“వాపసు ఎందుకూ, చక్కగా లాగుతుంది. నేనే ఆపి ఉంచాను,” అన్నాడు తెరవంకే చూస్తూ. “అన్నానికొచ్చే మనిషిని రావద్దని నా నోటితో ఎలా అనమంటావు?”