బకెట్లో చిన్నాయన

"సార్, సబ్బుకి బూడిద అడిగినారే, తెచ్చినా. యాడ పెట్టేది?"

ఇస్త్రీ సొన్నప్ప గోనెసంచితో గుమ్మంలో నిలబడ్డాడు. హేమంత్‌కుమార్ తాగుతున్న కాఫీ పక్కన పెట్టాడు.

"నిన్ననే పెట్టేశావు కదా? మిద్దె మీద, కుండలో?"

"కుండా? నాకాడ యాడిది సార్ కుండ. ఇప్పుడే ఇస్త్రీపెట్టె దులిపి నేరుగా వస్తా ఉండాను."

హేమంత్ బాల్కనీ వైపు చూశాడు. అక్కడ స్టూలు మీద బకెట్టు. బకెట్టు నిండా తడిబూడిద. అడుగున బెజ్జంలోంచి టీ రంగు నీళ్ళు చుక్కచుక్కగా కింద గిన్నెలో పడుతున్నాయి. ఆ క్షారం నీళ్ళు కాచి కొబ్బరినూనె కలిపితే సబ్బు అవుతుందని వీడియోలో చెప్పారు. నిన్న సాయంత్రం ట్యాంకు పక్కన మట్టికుండ, దాని మూతికి తెల్లగుడ్డ చూసి, ఇస్త్రీవాడు కదా, గుడ్డ కూడా మడత నలగకుండా కట్టాడని ముచ్చటపడి మరీ కుండ మొత్తం బకెట్లోకి వంపుకున్నాడు.

అప్పుడే కింద నుంచి ఇంటి ఓనరు గంగన్న గొంతు వినిపించింది.

"అందరూ కారెక్కండప్పా. మిద్దె మీద చిన్నాయన ఉండాడు, నేను తీసుకోనొస్తా. శ్రీరంగపట్నంలో కావేరి కాడికి చేరేతలికి పొద్దెక్కిపోతాది."

హేమంత్ భార్య నళిని దోసెల గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది.

"పోయిన వారం దొడ్డబళ్ళాపురంలో పోయారే, వాళ్ళ చిన్నాయన. అస్థికలు ఇంట్లోకి తేకూడదని మిద్దె మీద పెట్టినట్టున్నారు." బకెట్టు చూసింది. హేమంత్‌ని చూసింది. "నువ్వు ఆ కుండ..."

"మొత్తం."

ఇద్దరూ బకెట్టు వైపే చూస్తూ ఉండిపోయారు. గంగన్న చిన్నాయన చుక్క తర్వాత చుక్క కారుతున్నాడు. పొద్దున్నే గిన్నెలో బంగాళదుంప వేస్తే తేలింది. తేలితే క్షారం బాగా దిగినట్టు లెక్క. ఆ సంతోషంలో హేమంత్ దుంపతో సెల్ఫీ దిగి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. ముప్పై ఎనిమిది మంది లైక్ కొట్టారు.

"హెయిర్ డ్రయర్ పెడితే ఆరుతుందా?" అన్నాడు.

"ఆరుతుంది. సంవత్సరీకం నాటికి."

మెట్ల మీద గంగన్న చెప్పులు టపటపలాడాయి. కె.ఆర్.పురంలో ఈ ఇల్లు దొరకడానికి వాళ్ళు తొక్కని గడప లేదు. మాంసం వండం, గోడకి మేకు కొట్టం అని మాటిచ్చి చేరారు. ఓనరు బంధువుతో సబ్బు చేయం అనే మాట మాత్రం ఎవరూ అడగలేదు.

"సొన్నప్పా, ఆ సంచి ఇలా ఇయ్యి. నళినీ, నువ్వు ఆయన్ని ఆపు."

మూడేసి మెట్లు దూకుతూ హేమంత్ మిద్దెక్కాడు. వెనక నళిని గొంతు వినబడింది. "అన్నా, ఒక్క దోసె తిని వెళ్ళండి."

"ఇప్పుడు దోసె ఏందమ్మా?"

"పోనీ సగం?"

హేమంత్ సంచి కుండలోకి కుమ్మరించాడు. బూడిద వేడికి వేళ్ళు చుర్రుమన్నాయి. అరవడానికి కూడా టైము లేదు. గుడ్డ కట్టి, ముడి బిగించి, లేచి నిలబడేసరికి గంగన్న వచ్చేశాడు. ఆయన వెనకే మోకాళ్ళు పట్టుకుంటూ ఆయన మేనత్త సుబ్బలక్ష్మమ్మ. పోయినాయనకి సొంత అక్క.

"ఈడేం చేస్తా ఉండావు సార్?"

"దండం పెట్టుకుందామని." అరచేతుల బూడిద కనబడకుండా రెండు చేతులూ అతికించినట్టు జోడించాడు.

గంగన్న కళ్ళు చెమర్చాయి. "మా సొంతోళ్ళకి కూడా ఇంత మర్యాద లేదు సార్" అంటూ వంగి కుండ ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"సార్. కుండ కాలతా ఉండాది."

"ఎండకి" అన్నాడు హేమంత్.

ముగ్గురూ ఆకాశం వైపు చూశారు. బెంగుళూరులో సూర్యుడు కనబడి నాలుగు రోజులైంది. సన్నగా తుంపర కూడా మొదలైంది.

సుబ్బలక్ష్మమ్మ వచ్చి కుండ మీద చెయ్యి వేసింది. చటుక్కున తీసేసింది.

"అయ్యో, మా తమ్ముడు. పోయి వారమైనా వాని కోపం చల్లారలేదు కదప్పా. కాఫీ ఆరిపోయిందని పెండ్లినాడే అలిగి పోయినోడు వాడు." కొంగు నడుముకి దోపుకుని మెట్లకి అడ్డంగా నిలబడింది. "ఎవురో ఏందో తప్పు చేసినారు. వాడు ఊరికే కాగడు. చేసినోళ్ళు వాని ముందర ఒప్పుకునేదాకా ఈ కుండ కిందికి దిగదు."

కింద కారు హారన్ రెండుసార్లు మోగింది.

హేమంత్ కళ్ళ ముందు సామాన్ల లారీ కనిపించింది. పోలీసు జీపు కనిపించింది. ఆ జీపు వెనక సీట్లో సాక్ష్యంగా బంగాళదుంప కనిపించింది. ఇక లాభం లేదు. నాలుకతో పెదాలు తడుపుకుని, గుండె చిక్కబట్టుకుని నోరు తెరిచాడు.

"తప్పు నాదే."

మాట వినిపించింది గానీ, అన్నది హేమంత్ కాదు. గంగన్న కుండని నేల మీద పెట్టి, దాని ముందు సాష్టాంగ పడిపోయి ఉన్నాడు.

"మన్నించు చిన్నాయనా. నిన్ను దొడ్డబళ్ళాపురం బస్సులో సీటు కిందనే మర్చిపోయి దిగేసినా. ఈ కుండలో ఉండేది మన వీధి మూలమీద బిర్యానీ హోటలోళ్ళ పొయ్యి బూడిద."