ఒక చెయ్యి వెలిసిన చొక్కా

ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి ఊరు. ఎక్కడా మిట్ట లేదు, పల్లం లేదు.

అలాంటి ఊళ్ళో సైకిలుకి దారి వెతకడమేమిటని టైలరు భార్యకి నవ్వొచ్చింది.

"సోమవారం నుంచి అమ్మాయి నర్సింగ్ కాలేజీకి సైకిలు మీద వెళ్ళాలి. నేను తొక్కి చూడని దారిలో దాన్ని పంపను," అన్నాడు టైలరు. "దారం తెలిసినవాడికి దారి తెలియదా?"

"దారం తెగితే ముడేసుకోవచ్చు," అందావిడ.

రోజుకో దారి తొక్కాడు. మార్కెట్ వైపు బస్సులు. కాలువ గట్టు మీద కుక్కలు. నాలుగోనాడు తెల్లవారగానే గిడ్డంగుల పేట దారి దొరికింది. నున్నటి రోడ్డు, పన్నెండే నిమిషాలు.

పేట చివరి మూలలో, స్తంభానికి ఓ సైకిలు కట్టేసి ఉంది. సీటు, గొలుసు, టైర్లతో సహా సున్నం కొట్టినంత తెల్లగా.

పొగమంచులో దాని పక్కన ఒకాయన గొంతుక్కూర్చుని, గుడ్డతో చువ్వలు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు.

టైలరు చూపు అలవాటుగా చొక్కా మీద పడింది. కుట్టు బాగానే ఉంది. కుడి చెయ్యి మాత్రం వెలిసి పాలిపోయింది. ఎడమ చెయ్యి కొత్తదిలా ఉంది.

'సగమే ఉతికినట్టున్నాడు,' అనుకున్నాడు.

"గడియారం చూసుకుంటూ తొక్కుతున్నారు. ఎవరి కోసం దారి?" ఆయన తలెత్తలేదు.

"మా అమ్మాయి కోసం."

"ఈ మూల మీదుగా పంపకండి. లారీ ఎడమకి తిరిగేటప్పుడు పక్కనున్న సైకిలు కనపడదు. అద్దంలోనూ కనపడదు. చప్పుడు వినపడుతుంది, అంతే."

"మీకెలా తెలుసు?"

"విన్నాను."

ఆ గొంతు విని టైలరు సైకిలెక్కేశాడు. వెనక్కి చూడకుండా తొక్కి, టీకొట్టు దగ్గర ఆగాడు.

"తెల్ల సైకిలా?" అంది టీకొట్టావిడ. "పేపర్లు వేసే ఆయన అక్కడే కదయ్యా లారీ కింద పడి చనిపోయింది. రెండేళ్ళయింది."

టైలరు టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

చప్పుడు విన్నవాడంటే, ఇంకెవరు?

సాయంత్రానికల్లా షాపుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. కట్టుకథ కాదు, కుట్టుకథ. వెనక్కి తిరిగిన పాదాలు, రెప్ప వెయ్యని కళ్ళు. కాజాలూ గుండీలూ అన్నీ తనే కుట్టాడు.

ఆదివారం పొద్దున పేటవాళ్ళు రాళ్ళు పట్టుకుని వెళ్ళారు.

దెయ్యానికి రక్తం కారిందని వింతగా చెప్పుకున్నారు.

ఆయన మళ్ళీ కనపడలేదు. అమ్మాయిని మాత్రం టైలరు ఎందుకైనా మంచిదని చుట్టుదారినే పంపాడు.

మూడో వారం ఓ రోజు అమ్మాయి ఏడుస్తూ ఇంటికొచ్చింది.

"నాన్నా, మా క్లాసమ్మాయి... ఇన్నాళ్ళూ దెయ్యానికి భయపడి చుట్టూ తిరిగి వచ్చేది. అది పోయిందన్నారని ఇవాళ ఆ మూల మీదుగా వచ్చింది. లారీ..."



మర్నాడు తెల్లారేసరికి టైలరు ఆ మూలలో ఉన్నాడు.

స్తంభానికి రెండు సైకిళ్ళున్నాయి. రెండూ తెల్లవే.

కొత్తదాన్ని ముట్టుకున్నాడు. వేలికి రంగంటింది. చుట్టూ ఎవరూ లేరు.

నెల తిరిగాక షాపుకి ఒకతను ఆది చొక్కా తెచ్చాడు.

"దీని కొలతకే రెండు కుట్టండి మాస్టారూ."

టైలరు చొక్కా పరిచాడు. కుడి చెయ్యి వెలిసి పాలిపోయి ఉంది.

"ఒక్క చెయ్యే వెలిసిందేం?"

"లారీ తోలేవాళ్ళ చొక్కాలన్నీ ఇంతే. రోజంతా మోచెయ్యి కిటికీ మీదే కదా, ఎండంతా దానికే."

పాతికేళ్ళుగా చొక్కా చూసి మనిషిని చెప్పే టైలరు. టేపు తీసి, మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

"గిడ్డంగుల మూలలో ఒకాయన కూర్చునేవాడు. ఎరుగుదురా?"

"ఎందుకెరగను?" అతను ఆది చొక్కా కుడి చేతిని మడత పెడుతూ అన్నాడు. "పోయినవాళ్ళ గుర్తుగా ఆ సైకిళ్ళకి తెల్లరంగు వేసి కట్టేదీ ఆయనే, మొదటి సైకిలు మీదికి లారీ ఎక్కించిందీ ఆయనే."