ఆరో బావి

భూమి లోపల చమురు ఎటు కదులుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం ఆ ఇంజనీరమ్మ పని. ఆమె లెక్కలు చూసే చమురు క్షేత్రంలో ఉన్న బావులు ఐదు. అడుగున ఒత్తిడి మాత్రం ఆ ఐదూ తోడినదానికి మించి పడిపోతోంది. మూడు నెలలుగా ఆ లెక్క ఆమెను ముప్పుతిప్పలు పెడుతోంది.

ఆ రాత్రి విసుగెత్తి, లేని ఆరో బావి ఒకటి ఉందనుకుని, అది ఎక్కడుంటే లెక్క కుదురుతుందో వెతకమని కంప్యూటర్‌కి అప్పగించింది. అర్ధరాత్రి దాటాక తెర మీద లెక్క చెప్పే ఒత్తిడి గీతా, అసలు ఒత్తిడి గీతా అతికించినట్టు కలిసిపోయాయి. సంబరంగా మ్యాప్ తెరిచింది. ఆరో బావి చుక్క సరిగ్గా బావుల దగ్గరి కంట్రోల్ రూమ్ మీద పడింది. అంటే లెక్కకు అందని చమురూ గ్యాసూ ఆ గది కిందికే ఎగదన్నుతున్నాయి. ఆ గదిలో ఈ రాత్రి డ్యూటీ ఆమె అన్నయ్యది.

వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"నిద్ర రావట్లేదా నీకు?" అన్నాడు ఆవులిస్తూ.

"అన్నయ్యా, అక్కడ నేల ఎలా ఉంది?"

"అదేంటో, పెన్ను కింద పడితే చాలు, మూలకి దొర్లిపోతోంది. నిన్నటిదాకా బాగానే ఉంది."

"సంగతి తర్వాత చెప్తా. ముందు బయటికి రా."

కుర్చీ జరిగింది. గొళ్లెం తీసిన చప్పుడైంది. తర్వాత తలుపును భుజంతో గుద్దుతున్నట్టు రెండు దెబ్బలు వినిపించాయి.

"తలుపు బిగుసుకుపోయిందే! సాయంత్రం బాగానే తెరుచుకుంది."

ఆ గది కిటికీలకు ఇనుప ఊచలున్నాయి. రెండో చేత్తో ఫైర్ స్టేషన్ నంబరు వెతుకుతుంటే, ఫోన్‌లో పాలు పొంగే ముందు వచ్చే సన్నటి బుస లాంటిది మొదలైంది.

"ఆ చప్పుడు నీ దగ్గరా, చెల్లీ?"

ఆమె చుట్టూ చూసింది. ఆఫీసంతా నిశ్శబ్దంగా ఉంది.

"కాదన్నయ్యా," అంది.