దాచిన చోట లేని కత్తెర

"మామయ్యా, నా బట్టల కత్తెర చూశారా?"

చూడ్డమేమిటి, డ్రైవరుగారు దానిమీదే కూర్చున్నారు. కుర్చీలో వేసిన దిండు కిందనుంచి పిడి తొడకు గుచ్చుకుంటోంది. అయినా ముఖంలో వీసమంత తేడా లేదు. ఘాట్‌రోడ్డు మధ్యలో బ్రేకు పట్టకపోయినా వెనక కూర్చున్నవాళ్లను హాయిగా నిద్రపోనిచ్చిన ముఖమది. ఈ మాట కూడా ఆయన చెప్పుకున్నదే అనుకోండి.

"నేనా? మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఈ కుర్చీ దిగానా తల్లీ? మంచినీళ్లకైనా నిన్నే కేకేస్తున్నాను కదా! మీ ఆయన్నడుగు. పొద్దున వైరుముక్క పట్టుకుని తిరుగుతున్నాడు."

మెడలో టేపు, చేతిలో సుద్దముక్కతో కోడలు గుమ్మంలో నిలబడింది.

"ఆయన్నీ అడుగుతాను, ఆయన కన్న కూతుర్నీ అడుగుతాను. ఒకరు వైర్లు కోస్తారు, ఒకరు అట్టలు కోస్తారు. కాగితం తగిలితే చాలు, బట్టల కత్తెర పదును చచ్చిపోతుందని మొత్తుకుంటే వినే నాథుడు లేడు. చెబుతున్నా వినండి. సాయంత్రంలోగా అది పెట్టినచోట కనబడకపోతే, మిషను ఎత్తి బజార్లో గదికి మార్చేస్తాను. పొద్దున వెళ్తే రాత్రికే రావడం. పీడా పోతుంది!"

డ్రైవరుగారి గుండె గతుక్కుమంది. ఆ మిషను టకటకలతోనే ఆయనకు పొద్దుపోతుంది. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు, తాము లావెక్కి కుట్టు బిగిసిందని పోట్లాడేవాళ్లు, పక్కింటి సంగతులు మోసుకొచ్చేవాళ్లు, అందరూ ఆయన కుర్చీ ముందునుంచే వెళ్లాలి. ఆ మోత లేని ఇల్లంటే ఇంజను కట్టేసిన బస్సే.

మరి అంత భయమున్న మనిషి ఆ కత్తెర జోలికెందుకు వెళ్లాలి? ఇంట్లో కాగితాల కత్తెర లేక కాదు. అది కోయదు, నములుతుంది. ఆయనేమో మనవరాలి పుట్టినరోజుకని మంచం కింద రహస్యంగా అట్టబస్సు కడుతున్నారు. చక్రం గుండ్రంగా రాకపోతే డ్రైవరు పరువేం కాను?

పైగా కుర్చీ దిగని మనిషిని దొంగ అనేదెవరు? నడవండి, నడవండి అని ఇంటికొచ్చి ప్రాణం తీసిన ఫిజియోథెరపీ అమ్మాయిని కూడా, "కూర్చునే లోకమంతా తిరిగొచ్చాను, ఇప్పుడెందుకమ్మా నడక?" అని పంపేశారాయన.

కోడలు మంచిదే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. కత్తెర దాచిన ప్రతిసారీ పైకే గొణుక్కుంటుంది. మొదట్లో, "మిషను సొరుగులో పెడితే ఎవరూ చూడరు" అంది. అందరూ బయటికి వెళ్లాక ఆయన గోడ పట్టుకుని మెల్లగా పక్కగదికి వెళ్లి తెచ్చుకున్నారు. తరవాత, "వంటింట్లో డబ్బాల వెనకైతే నయం" అంది. కర్ర ఊతంతో అక్కడికీ వెళ్లారు. ఆ తరవాత బీరువా మీద. మునివేళ్లమీద నిక్కాల్సి వచ్చింది, నిక్కారు. ఈసారి ఏకంగా పెరటి చివర సామాన్ల గది. "ఇంత దూరం ఎవడొస్తాడులే!" అని కోడలు పెరట్లోంచే అంది. డ్రైవరుగారు లోలోపల ముసిముసిగా నవ్వుకున్నారు.

ఇప్పుడు నవ్వు రావడంలేదు. పక్కగదిలో బట్ట తెగుతున్న చప్పుడు సాఫీగా వినిపిస్తోంది. పాపం, కాగితాల కత్తెరతోనే లాగిస్తోంది కాబోలు! చెయ్యి తిరిగినదానికి ఏ కత్తెరైతేనేం అనుకున్నారు గానీ, మనసు చివుక్కుమంది.

కాసేపటికి కోడలు కుట్టిన కోటు సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

"వీధి చివర టీచరమ్మకిచ్చి ఇప్పుడే వస్తాను మామయ్యా. కదలకండి."

"కదిలితే కదా!"

గేటు చప్పుడయిందో లేదో ఆయన లేచారు. కత్తెర పంచె మడతలో దాచి, వంటిల్లు దాటి, పెరటి గడప దిగి, ఆరేసిన తడిబట్టల కింద వంగి, సామాన్ల గది గడియ తీశారు. రేకుపెట్టె వెనక కత్తెర యథాస్థానంలో పెట్టారు. అప్పుడు వినిపించింది గేటు కిర్రుమనడం.

ఆయన బస్సు నడిపిన రోజుల్లో కూడా అంత వేగంగా రివర్సు తీసి ఉండరు. వచ్చి కుర్చీలో కూలబడ్డాక చూసుకుంటే కర్ర మంచానికే ఆనించి ఉంది. అసలు దాన్ని తీసుకెళ్లనే లేదు.

"ఏంటి మామయ్యా, ఆయాసపడుతున్నారు?"

"కలొచ్చిందే. బస్సు లోయలోకి జారుతుంటే కాలు అడ్డంపెట్టి ఆపాను."

"మీ కాలే కాలు!" అంటూ ఆమె పెరట్లోకి వెళ్లి, కత్తెర ఊపుకుంటూ తిరిగొచ్చింది. "దొరికింది. నేనే సరిగ్గా వెతకలేదు."

"చూశావా? ఊరికే ఇంటిల్లిపాదినీ ఆడిపోసుకున్నావు. మరి... మిషనో?"

"ఎక్కడికీ వెళ్లదు. ఇక్కడే."

డ్రైవరుగారి ప్రాణం లేచొచ్చింది. అడక్కుండానే టీ వచ్చింది. తాగి, గెలిచినవాడిలా కాళ్లు చాపుకుని కళ్లు మూసుకున్నారు. కునుకు పట్టబోతుండగా పనినుంచి వచ్చిన కొడుకు గొంతు వినిపించింది.

"ఈసారి ఎక్కడ దాస్తావు కత్తెరని?"

కోడలు గొంతు తగ్గించింది.

"మేడమీద దాస్తాను, మామయ్యకిక మెట్లెక్కడమొక్కటే అలవాటు కావాలి."