ఉబ్బిన మూట

"ఏమే, ఆ మూట విప్పు" అంది ఖాతూన్ బీ.

కృపామణి గోనెగుడ్డ చుట్టిన మూటను రెండు చేతులా పొట్టకు అదుముకుంది. నరసరావుపేట శివారు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళంతా చేతులాపి చూశారు.

"విప్పనక్కా. నా సొంతది."

"పొద్దున ఆటో దిగినప్పుడు సంచిలో మడిచి తెచ్చావు. ఇప్పుడు బుంగలా ఉంది. ఏం తిని ఉబ్బింది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఖాతూన్ బీ నవ్వలేదు. ముఠా మేస్త్రి ఆమె. కిలో కాయ తగ్గినా షావుకారు నిలదీసేది ఆమెనే. పొద్దస్తమానం కర్ర పట్టుకుని వరసల మధ్య తిరుగుతూనే ఉంటుంది. అన్నం కూడా నిలబడే తింటుంది. మేస్త్రి కూర్చుంటే ముఠా పడుకుంటుందని ఆమె మాట.

"అందరూ గోతం పరుచుకుని కూర్చుంటే నీ ఒక్కదానికే పరుపేంది? విప్పు. నువ్వు దొంగవని నేను చెప్పానంటే ఈ చుట్టుపక్కల ఏ స్టోరేజీలోనూ నిన్ను అడుగు పెట్టనీరు."

కూలి పోవడం ఒక ఎత్తు, దొంగ అన్న పేరు ఒక ఎత్తు. కృపామణి ముడి విప్పింది.

లోపల మిరపకాయ ఒక్కటీ లేదు. పాత చీర చుట్టిన స్కూటర్ ట్యూబు, నిండా గాలి.

"షేర్ ఆటోలో పట్టదని మడిచి తెస్తా. గేటు బయట పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తా."

"దీంతో నీకేం పని?"

కృపామణికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. గొంతు తగ్గించింది.

"దగ్గినా తుమ్మినా ఉచ్చ పడిపోయేదక్కా. ఆపరేషన్ చేసి లోపల వలలాంటి పట్టీ వేశారు. అదైతే ఆగింది, నొప్పి పట్టుకుంది. కింద కూర్చుంటే తుమ్మముల్లు దిగినట్టుంటది, అందుకే దీని మీద కూర్చుంటా. రెండేళ్ళయింది."

"డాక్టరేమన్నాడు?"

"స్కాన్‌లో ఏం లేదంట. నొప్పి నా బుర్రలో ఉందంట. మా ఆయనదీ అదే పాట. పని ఎగ్గొట్టే వేషాలంటాడు."

ఖాతూన్ బీ కళ్ళు చిట్లించింది.

"అబద్ధమైతే నాకు తెలిసిపోద్ది. ఎక్కడ మొదలవుద్ది?"

"గజ్జల్లో. అక్కణ్ణుంచి తొడ లోపలికి లాగుద్ది."

"బిళ్ళేసుకుంటే?"

"రెండు గంటలు. మళ్ళీ మామూలే."

"నిలబడితే?"

"కాస్త నయం."

ఖాతూన్ బీ వంగి ట్యూబును బొటనవేలితో నొక్కి చూసింది. చుట్టూ చేరినవాళ్ళను "మీ పని మీరు చూసుకోండి" అని కసిరింది. అందరూ తలలు వంచుకున్నారు.

అప్పుడు ఆమె కర్రను గోడకు ఆనించి, కృపామణి భుజం ఊతగా పట్టుకుని, పళ్ళు బిగించి మెల్లగా ఆ ట్యూబు మీద కూర్చుంది.