రాతి రంగు అక్షరాలు

కంటి ఆస్పత్రి వరండాలో ఒక పెద్దావిడ ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, గోడమీది బోర్డు వైపే చూస్తోంది. అది చూసి, బోర్డు దగ్గరే నిలబడ్డ దాని డిజైనర్ మురిసిపోయాడు. పాత రాతి కట్టడం అందం చెడకూడదని, రాయిలో కలిసిపోయే రంగులో సన్నని అక్షరాలు ఎంచడానికి మూడు నెలలు పట్టింది. నిన్ననే బిగించారు.

"బాగుందా అమ్మా?"

ఆవిడ చెయ్యి తీసి రెండో కన్ను మూసుకుంది. "ఈ కంటికీ ఆనట్లేదు బాబూ. ఇక ఆపరేషనేనా?"

"ఇది పరీక్ష బోర్డు కాదమ్మా! పరీక్ష గదికి దారి చూపించే బోర్డు."

"నాకు ధైర్యం చెప్పకు. దారి చూపించేదైతే కనబడేలా రాయరూ?" ఆవిడ అతని వైపు తిరిగింది. "నిజం చెప్పు, చూపు బొత్తిగా పోయినట్టేనా?"

అతను వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. అక్కడినుంచి చూస్తే, ఎండ పడిన గోడ తప్ప ఏమీ లేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"తప్పు మీ కళ్ళది కాదమ్మా. నాకూ కనబడట్లేదు."

ఆవిడ జాలిగా అతని చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, ఇంత చిన్న వయసులోనే నీకూనా! పద బాబూ, ఎవర్నైనా అడిగి ఇద్దరం కలిసే వెళ్దాం."