ఆరు రబ్బరు పట్టీలు

పూల్ ఆట బంతిని జోసఫ్ ఛాతీ ఎత్తు నుంచి రబ్బరు ముక్క మీదికి వదిలాడు. బంతి మోకాలి దాకా లేచింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"సాలదు బిడ్డా. ఇంకా ఎగరాలె."

ఆరోన్‌కు నాచారం పారిశ్రామికవాడలో రబ్బరు అచ్చుల షెడ్డు ఉంది. తలుపులకు పట్టీలు, పంపులకు వాషర్లు చేస్తాడు. పూల్ టేబుల్ అంచులకు రబ్బరు కావాలని వచ్చింది ఇంతవరకు జోసఫ్ ఒక్కడే.

జోసఫ్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంటి ముందు పోర్టికోలో సొంతంగా పూల్ టేబుల్ తయారుచేస్తున్నాడు. ప్యాకింగ్ చెక్కతో చట్రం, దాని మీద కడప బండ, బండ మీద పచ్చ గుడ్డ. అన్నీ కుదిరాయి. బంతి తగిలి వెనక్కి రావాల్సిన అంచుల దగ్గరే పని ఆగింది.

ఆరోన్ ఇంకో ముక్క తీశాడు. అసలు రబ్బరు వాటా పెంచి, సుద్దపొడి తగ్గించినది. ఈసారి బంతి నడుము దాటింది.

"గిది," అన్నాడు జోసఫ్.

ఆరోన్ కూడా ఆడినవాడే కాబట్టి చెప్పాల్సింది చెప్పాడు. ఇంత ఎగిరే రబ్బరు పెడితే చిన్నగా తాకించినా బంతి టేబుల్ అంతా తిరిగొస్తుంది. గట్టిగా కొట్టేవాడికి మాత్రం తెల్లబంతి ఎక్కడా ఆగదు, పోయి పాకెట్‌లో పడి ఫౌల్ అవుతుంది.

"నాకు గదే గావాలె. ఈ టేబుల్ మీద బలంతోని పనుండొద్దు."

"ఎవరితోని ఆట మామా?"

"చిదంబరం సార్‌తోని. వచ్చే ఆదివారం."

ఆరోన్ చేతిలోని ముక్కను బల్ల మీద పెట్టాడు.

హబ్సిగూడ పూల్ పార్లర్‌లో చిదంబరం బంతిని కొడితే చప్పుడు మెట్ల కిందికి వినిపించేది. కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పి, నేరుగా అక్కడికే వచ్చేవాడు. ఇంటర్ తప్పి తిరుగుతున్న ఆరోన్‌కు క్యూ కర్ర పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆ తర్వాత కూర్చోబెట్టి లెక్కలు చెప్పి, ఇంటర్ గట్టెక్కించిందీ ఆయనే. జోసఫ్ రోజూ ఆయనతోనే ఆడేవాడు. రోజూ ఓడేవాడు. ఓడి చాయ్ తాగించేవాడు. అతను ఒక్క ఆటైనా గెలిచినట్టు పార్లర్‌లో ఎవరికీ గుర్తులేదు.

మెట్రో పనులు మొదలయ్యాక పార్లర్ మూతపడింది. చిదంబరం చెంగిచెర్లలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళి చూసి రావాలని ఆరోన్ అనుకుంటూనే ఉన్నాడు.

"ఇన్నేండ్లు ఓడి ఇప్పుడు రోషమొచ్చిందా మామా?"

"గట్లనే అనుకో." జోసఫ్ లేచి, గొంతు తగ్గించాడు. "జర ఒక మాట. రబ్బరు సంగతి సార్‌కు తెల్వొద్దు. మామూలు టేబులే అనుకోవాలె."

కొలతలకని జోసఫ్ ఇంటికి వెళ్ళినప్పుడు ఆరోన్‌కు ఇంకోటి కనిపించింది. టేబుల్ కాళ్ళు జానెడు పొట్టిగా ఉన్నాయి. చిదంబరం ఆరడుగుల మనిషి. నడుము మడత పడితే తప్ప ఆ టేబుల్ ఆయనకు అందదు. కొలత తప్పిందా అని అడిగితే, కావాలనే కోయించానన్నాడు జోసఫ్. టీ తెచ్చిన అతని భార్య దానమ్మ, నెల నుంచి ఇంట్లో ఇదే పని, చర్చిలో కూడా ఇదే ముచ్చట అని చెప్పి లోపలికి పోయింది.

ఓడిన మనిషి కడుపులో కసి ఉండొచ్చు. దాన్ని ఆరోన్ తప్పుపట్టలేదు. కానీ ఆ కసికి రబ్బరు చేసి ఇచ్చేది తను.

ఆ సాయంత్రం చిదంబరానికి ఫోన్ చేశాడు. ఆయన భార్య శారదమ్మ తీసింది.

"పడుకున్నారు బాబూ. ఆట ఉందని జోసఫ్ గారు చెప్పిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. రోజూ గడ్డం గీయించుకుంటున్నారు."

ఆరోన్ చెప్పాలనుకున్నది చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. చెబితే జోసఫ్ పరువు పోతుంది. చెప్పకపోతే చిదంబరం పరువు పోతుంది. ఇద్దరి పరువూ దక్కే ఉపాయం తన షెడ్డులోనే ఉంది.

మర్నాడు అదే అచ్చులో, అదే రంగులో ఆరు పట్టీలు చేశాడు. సుద్దపొడి రెట్టింపు వేశాడు. పాత ట్యూబుల రబ్బరు కలిపాడు. బంతి వదిలి చూస్తే చీలమండ దాకా కూడా లేవలేదు. బలంగా కొట్టే చెయ్యి ఉంటే తప్ప ఈ పట్టీల మధ్య ఆట సాగదు. అలాంటి చెయ్యి అతనికి తెలిసి ఒక్కటే.

శనివారం తనే వెళ్ళి పట్టీలు అతికించి, వాటి మీద గుడ్డ బిగించాడు. జోసఫ్ ఒక్కసారి కొట్టి చూసినా తను దొరికిపోతాడు. కానీ జోసఫ్ ఆ మాటే ఎత్తలేదు.

"మొదటి దెబ్బ సార్‌దే. అప్పటిదాంక ఎవ్వరూ ముట్టొద్దు," అంటూ టేబుల్ మీద దుప్పటి కప్పాడు.

ఆదివారం ప్రార్థన ముగియగానే ఆరోన్ వచ్చి పోర్టికో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సార్ కొట్టే మొదటి దెబ్బ చూడాలి. ఆ తర్వాత జోసఫ్ మొహం చూడాలి. దానమ్మ దుప్పటి తీసి మడత పెడుతుండగా గేటు ముందు ఆటో ఆగింది. జోసఫ్ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ ఎదురెళ్ళాడు.

చిదంబరాన్ని రెండు చేతులా ఎత్తి ఆటోలోంచి దింపి, చక్రాల కుర్చీలో టేబుల్ దాకా తోసుకొచ్చి, చచ్చుబడిన కుడిచేతిని ఆయన ఒళ్ళో సర్ది, వణుకుతున్న ఎడమచేతికి క్యూ అందించాడు.